రాగిరేకు, తాటియాకు, ఫ్లాపీడిస్కు: కొల్లేటిసీమలో కంప్యూటరు స్మృతిసాధనముల మన్నిక

ఏలూరు పేరు కనిపించు ప్రాచీనలేఖనములలో ఒకటి రాగిరేకులపై నున్నది. శాలంకాయన వంశజుడగు విజయదేవవర్మ వేంగీపురమునుండి ‘ఏలూర’ గ్రామస్థుల నుద్దేశించి వెలువరించిన ప్రాకృతభాషాశాసన మది. క్రీస్తుశకము నాలుగవ శతాబ్ది ప్రాంతమునాటి దని చరిత్రకారు లెంచుచున్నారు. హుల్ట్జ్ పండితుడు దీనిని ఎపిగ్రాఫియా ఇండికా తొమ్మిదవ సంపుటమున పరిష్కరించి ప్రకటించెను. ఆ వంశమువాడే యగు విజయనందివర్మ శాసనము ‘కొల్లేటి శాసనము’ అను పేర విద్వల్లోకమున ప్రసిద్ధము. బర్నెల్ 1874లో ప్రకటించిన దక్షిణభారత లిపిశాస్త్రగ్రంథమున ‘వేంగీలిపి’ యని పేర్కొన్న అక్షరములకు ఇట్టి శాసనములే ఆధారము. పదునారు వందల యేండ్ల వాన, వరద, మన్ను, ఉప్పుగాలి సహించియు ఆ రేకులు నేటికిని చదువుట కనువుగా నున్నవి.

1990 ప్రాంతమున అదే ఏలూరిలోను, అచటికి సుమారు ఏబది కిలోమీటర్ల దూరముననున్న తాడేపల్లిగూడెములోను కంప్యూటరులు కార్యాలయములకు, వర్తకుల గద్దెలకు, డి.టి.పి. అంగళ్లకు వచ్చినవి. లెక్కలు, జాబితాలు, పుస్తకముల అచ్చుప్రతులు, సిద్ధాంతవ్యాసములు ఫ్లాపీడిస్కులపై నెక్కినవి. వాని వయస్సు ఇంకను నలువది యేండ్లు నిండలేదు. అయినను నేడు వానిలో పెక్కింటిని చదువు మార్గము వాని యజమానులకు తెలియదు. ఈ తారతమ్యమునకు రాగి గట్టిది, ప్లాస్టిక్కు మెత్తనిది యను సమాధానము చాలదు. ఏలయన, కంప్యూటరు సాధనములలోనే పాతవి కొన్ని మిక్కిలి గట్టివిగను, వాని స్థానమున వచ్చిన క్రొత్తవి బలహీనములుగను కనబడుచున్నవి. పాత యంత్రములను వాడినవారు ఈ మాటను తరచుగా అనుచుందురు. అం దెంత నిజము కలదో, ఎంత భ్రమ కలదో విచారింపవలసి యున్నది.

మొదట నిజమును చూతము. తొలితరము కంప్యూటరులలో ‘కోర్ మెమరీ’ యను స్మృతిభాగ ముండెడిది. ఫెరైట్ అను అయస్కాంతపదార్థముతో చేసిన చిన్నచిన్న ఉంగరములను సన్నని తీగలపై పూసలవలె గ్రుచ్చి దానిని అల్లెడివారు. ఒక్కొక్క ఉంగర మొక్కొక్క బిట్టు. అది ఒక దిశలో అయస్కాంతీకరణము పొందిన ‘ఒకటి’, వ్యతిరేకదిశలో పొందిన ‘సున్న’. విద్యుత్తు ఆగినను ఉంగరము తన స్థితిని విడువదు. ముంబయిలోని టాటా సంస్థలో 1960లో ప్రారంభమైన టిఫ్రాక్ యంత్రమున ఇట్టి స్మృతియే కలదు. అందు పట్టిన పదములు 2048 మాత్రమే. హైదరాబాదులో 1967లో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. 1969లో నిర్మించిన టి.డి.సి.–12 యందును కోర్ స్మృతినే వాడిరి. ఒక పుటకు మించని పాఠమును దాచుటకు అరచేయి వెడల్పు చట్టము కావలసి వచ్చెడిది. ఆ వ్యయమే దాని బలమునకు కారణము. ఒక్క బిట్టుకు కంటికి కనబడునంత పదార్థమును కేటాయించినపుడు కొంత తుప్పు, కొంత వేడి, కొంత దుమ్ము తగిలినను అర్థము చెడదు.

ఈ సూత్రము రాగిరేకునకును వర్తించును. శాసనలేఖకుడు అక్షరమును లోతుగా చెక్కును. పైపొర పచ్చగా చిలుము పట్టినను చెక్కిన గాడి మిగులును. అదే అక్షరమును వెండ్రుకలో వెయ్యవవంతు మందముతో గీచి యుండినచో చిలుము దానిని మ్రింగివేసి యుండును. కంప్యూటరు సాధనముల చరిత్రమంతయు అక్షరమును అంతకంతకు సన్నముగా గీచిన చరిత్రమే. 360 కిలోబైట్ల అయిదుంబావు అంగుళముల ఫ్లాపీపై అంగుళమునకు 48 వలయరేఖ లుండును. అనగా రమారమి అర మిల్లీమీటరున కొకటి. నేటి హార్డ్ డిస్కులో అంగుళమునకు నాలుగైదు లక్షల రేఖలు పట్టించుచున్నారు. చదువు ముల్లునకును పళ్లెమునకును నడుమనుండు ఎడమును నేడు నానోమీటరులలో కొలువవలసినదే. ఆ ఎడములో ధూళికణము కొండవంటిది.

ఇందుకు మిక్కిలి స్పష్టమైన నిదర్శనము ఒక దుర్ఘటనమునుండి లభించినది. కల్పనా చావ్లా మున్నగు ఏడుగురు వ్యోమగాములు మరణించిన కొలంబియా నౌక 2003 ఫిబ్రవరి 1వ తేదీన భూవాతావరణమున విచ్ఛిన్న మయ్యెను. అందు క్సెనాన్ వాయువు స్నిగ్ధతను గూర్చి జరిగిన ప్రయోగఫలితములు సుమారు 400 మెగాబైట్ల హార్డ్ డిస్కుపై నుండెను. అది ఆకాశమునుండి పడి, ఎండిన యొక చెరువుగర్భమున ఆరు నెలలు పడి యుండెను. పైనున్న ప్లాస్టిక్కు కరగినది, మూత సందులనుండి దుమ్ము చొరబడినది. అయినను పళ్లెములు వంగలేదు. దత్తాంశోద్ధరణ నిపుణులు వానిని కడిగి వేరొక యంత్రమున నమర్చి 99 శాతము విషయమును చదువగలిగిరి. 2008లో ఆ ఫలితములు శాస్త్రపత్రికలో ప్రకటితములైనవి. అది క్రొత్తరకపు అతిసాంద్రమైన డిస్కు అయి యుండినచో ఈ ఫలము దుర్లభము. డాస్ పద్ధతిలో దత్తాంశమును చెల్లాచెదరు చేయక ఒక్కచోట వరుసగా వ్రాయుటయు సాయపడినది. అదే నౌకలోని మరి రెండు డిస్కులనుండి యేమియు దక్కలేదు. ఈ చివరివాక్యమును మరువరాదు.

ఏలయన ‘పాతది గట్టిది’ అను విశ్వాసమున పెద్ద భ్రమ యొకటి దాగియున్నది. మనము నిలిచినవానినే చూచుచున్నాము. వేంగి రాజులు వ్రాయించిన తామ్రశాసనము లెన్ని కరగి చెంబులు, బిందె లైనవో లెక్క లేదు. భూమిలో దాగినవి మాత్రమే నాగలికి తగిలి బయటపడినవి. అట్లే 1980 దశకపు డిస్కులలో చెడినవి పాతసామానుల వానికి తూకమునకు పోయినవి. నేటికిని తిరుగుచున్న యొక్కదానిని చూపి ‘ఆ కాలపు పనితన’ మని మెచ్చుకొనుచున్నాము. నిజమునకు ఆ డిస్కులకు తగినన్ని జబ్బులు కలవు. వానిలో పెక్కింటియందు చదువు ముల్లును స్టెప్పర్ మోటారు లెక్కకు అడుగులు వేయించి నడిపెడిది. వేసవి మధ్యాహ్నమున లోహము వ్యాకోచించినపుడు ముల్లు రేఖకు కొంచెము ప్రక్కగా నిలిచెడిది. ఉదయము చదివిన దానిని మధ్యాహ్నము చదువలేకపోవుట సంభవించెడిది. కొన్నిట పళ్లెముపై పూసిన కందెన జిగురై, యంత్రము కొన్నాళ్లు ఆగిన పిమ్మట ముల్లు పళ్లెమునకు అంటుకొని కదలకుండెడిది. బల్లపై మెల్లగా తట్టి దానిని లేపెడివారు. క్రొత్తవానియందు ఈ రెండు జబ్బులును చాలవరకు తొలగినవి. అట్లని క్రొత్తవి యన్నియు ఉత్తమములని కాదు. 2000 ప్రాంతమున వెలువడిన ఐ.బి.ఎం. డెస్క్‌స్టార్ 75 జి.ఎక్స్.పి. డిస్కులు విరివిగా చెడి న్యాయస్థానము వరకు పోయిన సంగతి ప్రసిద్ధము. కావున సాధనపు వయస్సునకంటె దాని సాంద్రతయు, తయారీలోని శ్రద్ధయు, అది గడపిన వాతావరణమును ముఖ్యములు.

ఈ మూడవదియే కొల్లేటిసీమకు ప్రత్యేకమైన చిక్కు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు తెచ్చి పోయగా ఉప్పుటేరు సముద్రమునకు తీసికొనిపోవు పల్లపునేల యిది. చుట్టును వరిచేలు, చేపలచెరువులు. వానకాలమున గాలిలోని తేమ నూటికి ఎనుబది దాటుట సామాన్యము; వైశాఖజ్యేష్ఠములలో ఎండ నలువది డిగ్రీలను దాటును. అయస్కాంతటేపులను ఇరువది డిగ్రీలకు లోపల, నలువది శాతపు తేమలో నుంచవలెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ ప్రాంతపు ఇండ్లలో బీరువా అడుగుననుండు ఫ్లాపీపెట్టె అట్టి స్థితిని ఒక్కనాడును చూడదు.

ఇక్కడి పెండ్లివీడియో టేపులు చెడిన తీరు అందరును ఎరిగినదే. టేపు అంచున తెల్లని బూజు పట్టును. చూడబోయిన తెరపై మంచు కురియును. ఫ్లాపీకిని ఇదే గతి. పళ్లెముపై బూజు చుక్కలై మొలచును. అంతకంటె లోతైన చేటు టేపులలోని జిగురుపొరకు కలుగును. ఇనుపరజమును ప్లాస్టిక్కుపట్టీకి అంటించియుంచు పాలియురితేన్ బంధకము గాలిలోని తేమను పీల్చి క్రమముగా విచ్ఛిన్నమై జిగటగా మారును. అట్టి టేపును చదువబోయిన ముల్లునకు జిగురు అంటి, రజము రాలి, టేపు కీచుమని ఆగిపోవును. ఈ వ్యాధి 1970, 1980 దశకములనాటి టేపులలో విశేషముగా కనబడినది. అంతకుముందు వేరు బంధకముతో చేసిన టేపులు కొన్ని దీనికి లోనుగాలేదు. ఇచట ‘పాతది గట్టిది’ యను మాట అక్షరాలా నిజము. చికిత్సయు కలదు. టేపును సుమారు ఏబది డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఆరబెట్టిన కొన్నివారములు చదువనిచ్చును. ఆ గడువులోపల వేరొకదానిపైకి ఎత్తివ్రాయవలెను.

టేపును, ఫ్లాపీని వెనుకకు నెట్టిన సి.డి.కి అయస్కాంతభయము లేదు గనుక శాశ్వతమని కొంతకాలము ప్రచారము జరిగినది. అచ్చుకొట్టి తయారుచేసిన సి.డి. కొంత మెరుగే. ఇండ్లలో, స్టూడియోలలో వ్రాసికొను సి.డి.యందు మాత్రము గుంట లుండవు. లేజరు తాకిడికి రంగు మారు సేంద్రియవర్ణకపు పొర యుండును. సయనిన్ జాతి వర్ణకము వెలుతురునకు, వేడికి త్వరగా వెలిసిపోవును. చౌకరకపు డిస్కులు అయిదారేండ్లకే చదువులకు లొంగకపోవుట పెక్కుర అనుభవము. బంగారుపూతతో, థాలోసయనిన్ వర్ణకముతో చేసిన తొలినాళ్ల ఖరీదైన డిస్కులు వీనికంటె చాలకాలము నిలిచినవి; ఇచటను ముందటిదే మేలైనది, వెల తగ్గినకొలది గుణము తగ్గినది. మధ్య అమెరికాలోని బెలిజ్ దేశమున ఉక్కకును తేమకును లోనైన యొక సి.డి.ని మాడ్రిడ్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, జియోట్రికమ్ అను శిలీంధ్రము దాని అంచునుండి లోనికి ప్రాకి, అల్యూమినియము పొరను, ప్లాస్టిక్కును తినివేసినట్లు 2001లో ప్రకటించిరి. కొల్లేటి ఉక్కను ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

ఇంతవరకు సాధనము ఆయువును గూర్చియే విచారించితిమి. చదువు యంత్రము ఆయువు వేరు. రాగిరేకును చదువుటకు కన్ను చాలును. ఫ్లాపీకి ఫ్లాపీయంత్రము కావలెను. 1981లో మూడున్నర అంగుళముల ఫ్లాపీని ప్రవేశపెట్టిన సోనీ సంస్థ 2011 మార్చిలో జపానులో దాని అమ్మకమును మానివేసినది. పాత ఫ్లాపీ ముప్పది యేండ్లు నిలువవచ్చును గాని అది నిలిచి చేయున దేమి?

యంత్రము దొరకినను చిక్కులు తీరవు. తాడేపల్లిగూడెము ఉల్లికి, బియ్యమునకు పేరుపొందిన వర్తకస్థానము. అట్టి ఊళ్లలో 1990 దశకమున లెక్కలను కంప్యూటరున కెక్కించిన గద్దెలలో 360 కిలోబైట్ల యంత్రమును మార్చి 1.2 మెగాబైట్ల యంత్రమును కొనినవా రెందరో కలరు. క్రొత్తయంత్రము పాత ఫ్లాపీని చదువగలదు. దానిపై వ్రాసినపుడు మాత్రము దాని ముల్లు సగము వెడల్పు గలది గనుక, పాత వెడల్పు రేఖ నడుమ సన్నని క్రొత్తరేఖను గీచి, ఇరుప్రక్కల పాతవ్రాత అంచులను మిగిల్చెడిది. ఆ ఫ్లాపీని తిరిగి పాతయంత్రమున పెట్టిన, రెండు వ్రాతలును కలిసి వినబడి యేదియు తెలియకుండెడిది. ఫ్లాపీ చెడినదని పారవేసిన సందర్భములలో కొన్ని ఇట్టివి. ఆ గద్దెలలోనే ఎర్రగుడ్డ బైండు వేసిన చిట్టా, ఆవర్జా పుస్తకములు చెదలు కొరికిన అంచులతోనైనను నేటికిని చదువదగియున్నవి. అందుచేతనే వర్తకులు చాలకాలము రెండు లెక్కలును నడిపిరి. దానిని చాదస్తమని నవ్వినవారు నవ్విరి.

చదువు యంత్రము లేక చిక్కిన వృత్తాంతములు లోకమున పెక్కులు కలవు. చంద్రుని చిత్రించుటకు 1966, 1967 సంవత్సరములలో అమెరికావారు పంపిన అయిదు లూనార్ ఆర్బిటర్ నౌకల చిత్రములు సుమారు పదునైదువందల టేపులపై నుండెను. నలువది యేండ్ల పిమ్మట టేపులు బాగుగనే యున్నవి. వానిని చదువగల ఆంపెక్స్ యంత్రములు మాత్రము లేవు. నాసాలో పనిచేసిన యొక విదుషీమణి నాలుగు యంత్రములను తన వద్ద దశాబ్దములతరబడి కాపాడి యుంచుటచేత, 2008 నాటికి ఒక మూతబడిన భోజనశాలలో వానిని బాగుచేసి ఆ చిత్రములను తిరిగి పొందగలిగిరి. ఇంగ్లండులో 1086నాటి భూమిలెక్కల గ్రంథము ‘డూమ్స్‌డే బుక్’ తొమ్మిదివందల యేండ్ల పండుగకు 1986లో బి.బి.సి.వారు లేజరుడిస్కులపై క్రొత్త డూమ్స్‌డేను రచించిరి. పదునైదేండ్లు గడచునప్పటికే దానిని చదువు యంత్రములు అరుదైనవి. తోలుపత్రములపైనున్న మూలగ్రంథమును మాత్రము నేటికిని తెరచి చదువవచ్చును. పరిశోధకులు 2002లో శ్రమించి క్రొత్త డూమ్స్‌డేకు ప్రాణము పోసిరి.

తెలుగువారికి మూడవ ఆయువును గూర్చిన చింతయు తప్పదు. అది లిపిసంకేతము ఆయువు. కంప్యూటరు అక్షరమును సంఖ్యగా దాచును. ఏ సంఖ్య ఏ అక్షరమో అందరును అంగీకరింపవలెను. భారతీయలిపులకు ఇస్కీ యను ప్రమాణము 1991లో వచ్చినది. తెలుగునకు స్థానము గల యూనికోడ్ తొలికూర్పును అదే సంవత్సరము వెలువడినది. అయినను ఆ దశాబ్దమంతయు మన అచ్చుపనివారు వాడినవి డి.టి.పి. ఖతులు. అను, శ్రీలిపి మున్నగు వానిలో ఒక్కొక్కదాని అమరిక యొక్కొక్క తీరు. ఆంగ్లాక్షరముల సంఖ్యల చోటున తెలుగు తలకట్టును, గుణింతపు ముక్కలను, వత్తులను తమ కనువైన క్రమమున పేర్చుకొనిరి. ఆ ఖతి లేనిచో నన్నయ పద్యమైనను రోమనక్షరముల గందరగోళముగా కనబడును. అట్లు కూర్చిన సిద్ధాంతవ్యాసములు, కళాశాలల పత్రికలు, అముద్రితగ్రంథముల పరిష్కరణము లెన్నియో కలవు. ఫ్లాపీ నిలిచి, యంత్రము దొరకి, ఫైలు తెరుచుకొనినను అక్షరము పలుకదు. ఖతులనుండి యూనికోడునకు మార్చు సాధనములు వచ్చినవి. కాని అవి ప్రసిద్ధమైన ఖతులకే, అందును వత్తుల క్రమము సరిచూచుకొనవలసి యుండును. వేంగీలిపి ఇంతటి కష్టము పెట్టలేదు. అది తరతరమునకు కొలదికొలదిగా మారి తెలుగు కన్నడ లిపులైనది గనుక, ఆ మెట్లవెంబడి వెనుకకు నడచిన పండితులకు దారి దొరకినది. ఖతి సంకేతములకు అట్టి మెట్లు లేవు.

ఇది పాత ఫైళ్లపై మక్కువగలవారి వేడుక మాత్రమే కాదు. కొల్లేరు విషయమునే తీసికొందము. ఈ సరస్సు 1999లో అభయారణ్యముగా ప్రకటితమైనది; 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కినది; 2006లో ప్రభుత్వము చేపలచెరువుల గట్లను తెగగొట్టించినది. సరస్సు ఎంతవరకు ఉండెను, ఎప్పుడెవ్వరు దానిని పూడ్చిరి అను వివాదమునకు సాక్ష్యము ఎక్కడ నున్నది? 2001 ఫిబ్రవరి 9వ తేదీన భారతీయ ఉపగ్రహము తీసిన చిత్రమున 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో సుమారు 42 శాతము చేపలపెంపకము క్రిందను, మరి 8.5 శాతము వ్యవసాయము క్రిందను పోయినట్లు లెక్క తేలినది. అందు 1050 చేపలచెరువులు కనబడినవి. నిర్మలమైన జలభాగము కనబడనేలేదు. అంతకు ముందరి స్థితిని తెలుపు చిత్రములు, అనగా 1970 దశకమున మొదలైన లాండ్‌శాట్ చిత్రములు, 1988 మార్చిలో ఎగిరిన ఐ.ఆర్.ఎస్.–1ఎ పంపిన చిత్రములు, మొదట అయస్కాంతటేపులపైననే నిలిచినవి. ఆ టేపులు తరువాతి తరపు సాధనములపైకి ఎక్కినంతవరకే ఆనాటి కొల్లేటికి సాక్ష్యము కలదు. గట్టు తెగిన రైతునకు, వల వేయుట కొక నీటిపట్టు కోరు పల్లెకారునికి, ఇరువురికిని ఆ చిత్రము కావలసినదే.

భూమిపత్రములును ఇట్టివే. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను శాఖలో ‘కార్డ్’ పథకము 1998 నవంబరు 4వ తేదీన 214 సబ్ రిజిస్ట్రారు కార్యాలయములలో ప్రారంభమైనది. అంతకుముందు దస్తావేజును గుమాస్తా చేతివ్రాతతో పెద్ద సంపుటములలోనికి ఎత్తివ్రాసెడివాడు, దినములు పట్టెడిది. కంప్యూటరు వచ్చి ఆ పనిని గంటలలోనికి తెచ్చినది, ప్రజలకు మేలైనది. చేతివ్రాత సంపుటముపై ఇంకు వెలసినను భూతద్దముతో చూడవచ్చును. కంప్యూటరు పత్రమునకు వెలయుట యుండదు. అది ఉండును, లేదా పూర్తిగా పోవును.

నేటి సాధనములకు ఈ గుణము మరింత ఎక్కువ. పెన్‌డ్రైవులు, మెమరీకార్డులు, ఎస్.ఎస్.డి.లు ఫ్లాష్ చిప్పులపై వ్రాయును. అందలి అణుమాత్రపు గదిలో కొన్ని ఎలక్ట్రానులను బంధించి యుంచుటయే వ్రాత. తొలినాళ్ల చిప్పున ఒక్కొక్క గదిలో ఒక్క బిట్టే యుండెడిది. దానిని సుమారు లక్షసార్లు చెరిపి వ్రాయగలిగెడివారు. వెల తగ్గించుటకై ఒకే గదిలో రెండు, మూడు, నాలుగు బిట్లను ఇరికించిరి. నాలుగు బిట్లనగా ఒకే గదిలోని ఆవేశమును పదునారు మెట్లుగా విభజించి గుర్తించుట. మూడునాలుగు బిట్ల చిప్పు వెయ్యి, రెండువేల సార్ల వ్రాతకే అలసిపోవును. ఎలక్ట్రానులు గదిగోడలనుండి నెమ్మదిగా కారిపోవుచునే యుండును; వేడి ఆ కారుటను వేగపరచును. జెడెక్ సంస్థ ప్రమాణము ప్రకారము గృహవినియోగపు ఎస్.ఎస్.డి. తన వ్రాతశక్తి యంతయు ఖర్చయిన పిమ్మట 30 డిగ్రీల వేడిలో, విద్యుత్తు లేకుండ, ఒక సంవత్సరము దత్తాంశమును నిలుపుకొనిన చాలును. క్రొత్తచిప్పు ఇంతకంటె చాలకాలము నిలుచును. అయినను రేకుల షెడ్డులో, మే నెలలో, సొరుగున పడియున్న పెన్‌డ్రైవు పెండ్లిఫొటోలకు తగిన చోటు కాదు. హార్డ్ డిస్కు చచ్చుటకు ముందు తరచుగా టికటికమని మూల్గును, చిప్పు మాటాడదు.

ఈ సీమలోనే దీనికి విరుద్ధమైన మార్గ మొకటి పూర్వమునుండి కలదు. రాజరాజనరేంద్రుని నందంపూడి శాసనమును రచించినవాడు నన్నయభట్టు. 1053నాటి ఆ శాసనము రాగిపై చెక్కినది గనుక ఆ ప్రతియే మనకు లభించినది. ఆయనయే రచించిన భారతభాగము తాటియాకులపై వెలసినది. ఆయన స్వహస్తప్రతి ఒక్క రేకైనను లేదు. ఉండుట కవకాశమును లేదు. ఈ గాలిలో తాటియాకు ఎంత పసుపు పూసినను, ఎంత నిమ్మగడ్డినూనె రాచినను మూడునాలుగు వందల యేండ్లు దాటుట కష్టము. లేఖకులు తమ ప్రతుల కొసను నీటినుండి, నూనెనుండి, వదులైన కట్టునుండి, మూర్ఖుని చేతినుండి గ్రంథమును కాపాడుడని వేడికొనుటకు కారణమిదే. ఆకు జీర్ణించునని వారికి తెలియును. కావున జీర్ణింపకముందే వేరొకడు కూర్చుండి గంటముతో ఎత్తివ్రాసెను. గట్టిసాధనముపైనున్న నందంపూడి శాసనమును చరిత్రకారులు చదువుచున్నారు. బలహీనసాధనముపైనున్న భారతమును ఆంధ్రదేశ మంతయు చదివినది.

ఎత్తివ్రాతలో పాఠభేదములు చొరబడుట మన పరిష్కర్తలకు తెలియనిది కాదు. వేదమునకు పద, క్రమ, జటా, ఘన పాఠములను కల్పించిన పెద్దలు ఈ దోషమునకే విరుగుడు కనుగొనిరి; ఒకే పదమును ముందువెనుకలుగా పలుమార్లు పలికించిన, తప్పిన స్వరము దానంతట అదే పట్టుబడును. కంప్యూటరు ప్రతులకును ఇట్టి పరీక్ష కలదు. ఫైలులోని బిట్లన్నిటినుండి గణించిన యొక చిన్నసంఖ్యను మూలముతోపాటు వ్రాసియుంచి, ప్రతిని ఎత్తివ్రాసిన పిమ్మట మరల గణించి పోల్చిన, ఒక్క బిట్టు మారినను తెలిసిపోవును. తాళపత్రలేఖకునకు లేని సౌకర్య మిది. లేనిదెల్ల ఆ లేఖకుడే. ఆకు మూడువందల యేండ్లకు ఒకసారి అడిగిన పనిని డిస్కు అయిదేండ్లకు, పదియేండ్లకు ఒకసారి అడుగుచున్నది. వృత్తిపరులు వాడు ఎల్.టి.ఓ. టేపు ముప్పది యేండ్లు నిలుచునని తయారీదారు లనుచున్నను, ఎనిమిదవ తరపు యంత్రము తన ముందుతరపు టేపును మాత్రమే చదువును. అంతకు వెనుకటి టేపు నిలిచినను పాతయంత్రమును వెదకికొనవలసినదే. తెలుగుగ్రంథములను వేలకొలదిగా స్కాను చేసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు మూతపడినపుడు అందలి పుస్తకములలో పెద్దభాగము పాఠకులకు దక్కుట, ముందే వానిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనికి ఎత్తిపెట్టినవారి పుణ్యము. ‘క్లౌడు’ అనబడున దదియే. ఎచ్చటనో అనేక డిస్కులు చెడుచుండగా అనేకప్రతులను ఎత్తివ్రాయుచుండు కొట్టు.

కళాశాలల గ్రంథాలయములలో, ముద్రణాలయముల అటకలపై, ఇండ్లలో ఇంకను ఫ్లాపీలు, సి.డి.లు కలవు. వానిలో ముందు చదువవలసినవి పాతఫ్లాపీలు కావు; ఇంటిలో వ్రాసిన చౌకసి.డి.లు, విడువబడిన పెన్‌డ్రైవులు. అవి ముందుగా చచ్చును. ఫ్లాపీలలో 360 కిలోబైట్లవి నిదానముగా నిలుచును. 1990 దశకపు చివర వెలువడిన చౌకరకపు 1.44 మెగాబైట్లవి అంత నమ్మదగినవి కావని వాడినవారి అనుభవము. ఫ్లాపీ ఫైళ్లను మామూలుగా తెరువక, పళ్లెముపైని అయస్కాంతమార్పుల నన్నిటిని ఉన్నవున్నట్లు ఎత్తికొను క్రయోఫ్లక్స్, గ్రీజ్‌వీజిల్ వంటి చిన్నపరికరములు నేడు లభించుచున్నవి. చదువుట పదిమార్లు కాక ఒక్కమారే జరుగును, తీరికగా అర్థము చేసికొనవచ్చును. పాతహార్డ్ డిస్కును ఊరక వేడుకకు ఆన్ చేయరాదు. ఎత్తికొనుటకు వేరుసాధనము సిద్ధమైన పిమ్మటనే చేయవలెను. బూజుపట్టిన ఫ్లాపీని తుడువక యంత్రమున పెట్టిన దాని రజము ముల్లున కంటుకొని, తరువాత పెట్టిన మంచిఫ్లాపీని కూడ గీచివేయును. కావున బూజుపెట్టెను వేరుగా నుంచి, సిలికాజెల్ సంచులతో కొన్నిదినములు ఆరనిచ్చి, దాని వంతును అన్నిటికంటె చివర రానీయవలెను.